డెల్టాలో కళ్ళెందుకు ఎండుతాయి: లెన్సు పెట్టుకునేవాళ్ళ కోసం

కళ్ళు పొడిబారుతున్నాయని మా వైపు ఎవరైనా అంటే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. “కాలవ గట్టు మీద ఇల్లు పెట్టుకుని కళ్ళెండిపోవడమేంటే, మనమేమైనా అనంతపురంలో ఉన్నామా?” అని మా పెద్దమ్మ అన్న మాటలో వెటకారం ఎంత ఉందో నమ్మకమూ అంతే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీళ్ళకు పేరుపడిన నేల ఇది. ఇక్కడ డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి గడ్డకడుతుంది, వేయించిన అప్పడం చూస్తుండగానే మెత్తబడుతుంది, ముసురు పట్టిందంటే ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. ఇలాంటి చోట కంటికి తడి చాలడం లేదంటే వింతగానే ఉంటుంది. అయినా అమలాపురంలో గాని, పాలకొల్లులో గాని, భీమవరంలో గాని కళ్ళ డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే, కళ్ళు మంటలనీ, గరగరలాడుతున్నాయనీ, పొద్దున పెట్టుకున్న లెన్సును మధ్యాహ్నం దాటాక భరించలేకపోతున్నామనీ చెప్పేవాళ్ళు తప్పకుండా ఎదురవుతారు.

నేను కాలేజీ రోజుల నుంచి లెన్సులు వాడుతున్న మనిషిని. సైటు ఎక్కువ, కళ్ళు పొడి. ఈ రెండూ కలిసినవాళ్ళకు మన ఊళ్ళలో దొరికే సలహాలన్నీ నీటి చుట్టూ తిరుగుతాయి. నీళ్ళు బాగా తాగమంటారు, నీటి శాతం ఎక్కువున్న లెన్సు తీసుకోమంటారు, చుక్కలు వేసుకుంటూ ఉండమంటారు. వీటన్నింటికంటే ముందు చూడవలసిన చోటు కనురెప్ప అంచు అనీ, దాన్ని చూడకుండా లెన్సు అమ్మడమూ కొనడమూ రెండూ డబ్బు దండగేననీ నా వాదన.

కన్నీటి పొరలో మూడు పదార్థాలున్నాయి. గుడ్డుకు ఆనుకుని జిగురుగా ఉండే మ్యూసిన్, కన్నీటి గ్రంథుల నుంచి వచ్చే నీరు, అన్నింటికీ పైన పలచటి కొవ్వు. ఆ కొవ్వును తయారుచేసేవి రెప్పల లోపల నిలువుగా, వరసగా అమరి ఉండే మైబోమియన్ గ్రంథులు. 17వ శతాబ్దంలో వీటిని వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరే వీటికి నిలిచిపోయింది. పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉండే ఈ గ్రంథులు వెంట్రుకల వరసకు లోపలి వైపున, రెప్ప అంచు మీద సూదిమొనంత రంధ్రాలుగా తెరుచుకుంటాయి. రెప్ప పూర్తిగా వేసినప్పుడల్లా ఆ ఒత్తిడికి కొంచెం నూనె బయటికి వచ్చి కన్నీటి మీద పరుచుకుంటుంది. ఆవకాయ జాడీలో పైన నూనె తేలినంత కాలం అడుగున ఊట ఎలా నిలబడుతుందో, ఈ పొర ఉన్నంత సేపు కంటి మీద నీరు అలా నిలబడుతుంది. నూనె తగ్గినా, రంధ్రాల్లోనే గడ్డకట్టినా, ఎంత నీరు ఊరినా ఆవిరైపోతుంది. పొడికళ్ళ బాధ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి, పూర్తిగా గాని కొంత గాని, ఈ లోపమే ఉంటుంది. బండి మీద వెళుతుంటే కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారేవాళ్ళకు “మీవి పొడికళ్ళు” అని డాక్టరు చెబితే నమ్మబుద్ధి కాదు. ఆ నీరు మంటకు ఉబికి వచ్చినది. పైన నూనె లేదు కాబట్టి నిలవకుండా చెంప మీదికి జారిపోతోంది.

తేమ గాలి కంటికి మేలు చేస్తుందన్న మాట నిజమే. అయితే ఈ రోజుల్లో డెల్టాలో మనిషి రోజంతా ఆ గాలిలోనే ఉంటున్నాడా? బ్యాంకులో, బట్టల కొట్టులో, ఆక్వా కంపెనీ ఆఫీసులో, ఆఖరికి పడకగదిలో కూడా ఏసీయే. గాలిలోని తేమను పిండి గొట్టం ద్వారా బయట పారబోయడమే దాని పని; ఇంటి వెనక ఆ గొట్టం కింద పెట్టిన బకెట్టు తెల్లవారేసరికి ఎంత నిండుతుందో చూస్తే గదిలో కంటికి ఏమి మిగిలిందో తెలుస్తుంది. ఏసీ లేని చోట నెత్తిన ఫ్యాను తిరుగుతుంది. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం దాకా బండి మీద వెళితే, ముఖాన కొట్టే గాలిలో తేమ ఉన్నా దాని వేగం ఆ మేలును మిగలనివ్వదు. రోహిణీ కార్తెలో పడమటి గాడ్పు కొట్టే మధ్యాహ్నం కాలువ పక్కన నిలబడినా పెదవులు పగులుతాయి. సార్వా, దాళ్వా కోతలప్పుడు యంత్రాలు లేపే ధూళి, మిల్లుల చుట్టుపక్కల గాలిలో తేలే ఊక బూడిద సరేసరి. వరి ఆకు గాని, ధాన్యపు పొట్టు గాని నల్లగుడ్డును గీస్తే ఫంగస్ పుండు పడడం పొలం పనులు చేసేవాళ్ళలో కంటి వైద్యులు తరచుగా చూసేదే. కాబట్టి కళ్ళంలో పని ఉన్న రోజున లెన్సు తీసేసి కళ్ళజోడు పెట్టుకోవాలనడంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇప్పుడు ఈ కంటి మీదికి లెన్సు వస్తుంది. కన్నీటి పొర మందం రెండు నుంచి అయిదు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే కాగా, మెత్తటి లెన్సు మధ్య భాగం సుమారు 70 నుంచి 100 మైక్రాన్లుంటుంది. లెన్సు కన్నీటిలో హాయిగా తేలుతుందని మనం ఊహించుకుంటాం గాని, తనకంటే ఎన్నో రెట్లు పలచనైన ఆ పొరను అది రెండుగా చీలుస్తుంది. కొంత కింద ఉండిపోతుంది, కొంత పైన మిగులుతుంది. పైన మిగిలిన దాని మీద నూనె సరిగా పరుచుకోదు కాబట్టి అది త్వరగా చిరుగుతుంది, చిరిగిన చోట లెన్సు ఎండుతుంది, ఎండిన లెన్సు మీద రెప్ప లోపలి అంచు రోజుకు వేలసార్లు రాసుకుంటుంది. సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టుండే ఆ బాధలో పెద్ద భాగం ఈ రాపిడిదే. మొదటే నూనె తక్కువైన కన్నయితే ఇదంతా సాయంత్రం దాకా ఆగదు, పదకొండింటికే మొదలవుతుంది.

నీటి శాతం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దుకాణాల్లో పొడికళ్ళ వాళ్ళకు అమ్ముడయ్యేది ఆ అంకే. “ఇందులో యాభై అయిదు శాతం నీరేనండి, మీలాంటి కళ్ళకు ఇదే చల్లగా ఉంటదండి, ఆయ్” అని ఒక కళ్ళజోళ్ళ కొట్టులో నాతో ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ మాట పుట్టడానికి ఒక కారణముంది. చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విచ్టెర్లే 1961 క్రిస్మస్ రోజుల్లో, పిల్లలాడుకునే ఇనుప బొమ్మల సెట్టు ముక్కలతో ఇంట్లో అమర్చుకున్న యంత్రం మీద మెత్తటి లెన్సులు పోశాడు. హెమా అనే ఆ పదార్థం తనలో దాదాపు 38 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు రక్తనాళాలు లేవు, మెలకువగా ఉన్నంత సేపు అది ప్రాణవాయువును ప్రధానంగా గాలి నుంచే తీసుకోవాలి. హెమా లెన్సులో ఆక్సిజన్‌కు నీరొక్కటే దారి కాబట్టి, తరువాతి వాళ్ళు ఆ దారిని వెడల్పు చేయడానికి నీటి శాతం పెంచుతూ పోయారు. 1990ల చివర్లో సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు బజారులోకి వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. సిలికోన్ గుండా ఆక్సిజన్ నీటిలో కంటే సులువుగా పోతుంది.

అంటే ఆ అంకె పెట్టిన పని ఎప్పుడో అయిపోయింది, అంకె మాత్రం అట్టపెట్టె మీద మిగిలింది. లెన్సులో ఉన్న నీరు కంటికి ఇవ్వడానికి పెట్టినది కాదు, లెన్సు తన ఆకారం నిలుపుకోవడానికి కావలసినది. ఎక్కువ నీరున్న పాతరకం లెన్సు రోజు గడిచేకొద్దీ ఆ నీటిని పోగొట్టుకుంటుంది, పోయిన దానికి కన్నీటినే ఆశ్రయిస్తుంది. అందుకే పొడికళ్ళ వాళ్ళకు చాలామంది వైద్యులు తక్కువ నీటి శాతమున్న సిలికోన్ హైడ్రోజెల్‌తో మొదలుపెడతారు. లోపల సిలికోన్, పై పొరలో మాత్రం అధికంగా నీరు ఉండేలా చేసిన లెన్సులూ ఉన్నాయి. వాటి విషయంలో ఒక్క అంకె చూసి ఏదీ తేల్చలేం. కొందరి కళ్ళకు సిలికోన్ గట్టిగా తగులుతుంది, కొందరి కన్నీటిలోని కొవ్వు దాని మీద త్వరగా పేరుకుంటుంది. పెట్టుకుని, సాయంత్రం దాకా తిరిగి చూసుకోవడం తప్ప ముందుగా చెప్పగలిగేది లేదు. ఏ రోజుకా రోజు పారేసే లెన్సులు పొడికళ్ళకు అన్నింటికంటే నయమని నా అభిప్రాయం. పేరుకునే మురికి ఉండదు, లెన్సు శుభ్రం చేసే ద్రావణంలోని మందుల గొడవ ఉండదు. ధర ఎక్కువే, కాదనను. అయితే వారానికి రెండు మూడు రోజులే పెట్టుకునేవాళ్ళు నెల లెన్సూ, ద్రావణమూ, డబ్బా అన్నీ కలిపి లెక్క వేసుకుంటే తేడా అనుకున్నంత ఉండదు.

ఇక రెప్ప. గ్రంథుల్లోని నూనె గడ్డకడితే దాన్ని కరిగించేది వేడి. సుమారు 40 డిగ్రీల వెచ్చదనం, అయిదు నుంచి పది నిమిషాల పాటు, మూసిన రెప్పల మీద ఉండాలి. వేణ్ణీళ్ళలో ముంచిన గుడ్డ పెట్టుకోమని అందరూ చెబుతారు. ఆ గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుందని మాత్రం చెప్పరు. చల్లారిన గుడ్డతో పది నిమిషాలు పడుకోవడం కునుకు తీయడానికి పనికొస్తుంది గాని వైద్యానికి పనికిరాదు. పక్కన ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పెట్టుకుని గుడ్డను మళ్ళీ మళ్ళీ ముంచాలి, లేదా పలచటి నూలు సంచిలో బియ్యం పోసి కుట్టి, పెనం మీద వెచ్చచేసుకుని, మణికట్టు లోపలి వైపు ఆనించి కాలడం లేదని చూసుకున్నాకే కళ్ళ మీద పెట్టుకోవాలి. బియ్యం వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, ఆ సంచి నెలల తరబడి పనిచేస్తుంది. కాపడం అయ్యాక శుభ్రమైన వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపుగా మెల్లగా నిమిరి, అంచును తుడుచుకోవాలి. లెన్సు పెట్టుకోక ముందు గాని, తీసేశాక గాని చేయవలసిన పని ఇది, లెన్సు ఉండగా కాదు. నాలుగు రోజులకే ఫలితం కనబడలేదని వదిలేయకూడదు, వారాలు పడుతుంది.

ఆ అంచు మీదనే మన ఆడవాళ్ళు కాటుక దిద్దుకుంటారు. రెప్పను కిందికి లాగి, వెంట్రుకలకు లోపలి వైపున నల్లగా గీత గీస్తే ఆ గీత సరిగ్గా గ్రంథుల రంధ్రాల మీద పడుతుంది. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద రాగి చెంబు బోర్లించి మసి పట్టి, దాన్ని నెయ్యి వేసి నూరి చేసిన కాటుకైనా, కొట్టులో కొన్న పెన్సిలైనా ఈ విషయంలో తేడా లేదు. కాటుక మానేయమని నేననను. గీతను వెంట్రుకలకు బయటి వైపుకి జరపమంటాను. ఆముదం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: పొడికళ్ళకు ఇచ్చే కొన్ని చుక్కల మందుల్లో శుద్ధి చేసిన ఆముదం నిజంగానే ఉంటుంది. ఆ వార్త ఎక్కడో చదివి వంటింటి సీసాలోని ఆముదాన్ని కంట్లో వేసుకునేవాళ్ళు ఉన్నారు. సూక్ష్మజీవులు లేకుండా, కన్నీటిలో కలిసేలా నురగగొట్టి చేసిన మందుకూ, గానుగ దగ్గర పట్టించుకొచ్చిన నూనెకూ సంబంధం పేరు వరకే. తేనె, తులసి రసం, చంటిబిడ్డ తల్లి పాలు కూడా అంతే.

చేపనూనె మాత్రల గురించి కూడా అడుగుతుంటారు. 2018లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, పొడికళ్ళ వాళ్ళకు ఏడాది పాటు ఒమేగా-3 మాత్రలిచ్చి చూస్తే, ఆలివ్ నూనె మాత్రలు మింగినవాళ్ళకంటే వాళ్ళకు చెప్పుకోదగిన మేలేమీ కనబడలేదు. గోదావరి జిల్లాల వాళ్ళం చేప తినడానికి వేరే సాకు వెతుక్కోనక్కరలేదు, పులసను పులుసు కోసమే తినవచ్చు. నీళ్ళు తాగడం వంటికి మంచిదే గాని, రంధ్రంలో గడ్డకట్టిన నూనె మంచినీళ్ళకు కరగదు.

రెప్పలో గ్రంథులు బాగున్నా రెప్ప వేయకపోతే నూనె బయటికి రాదు. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల దాకా వేసే రెప్ప, ఫోనులోనో కంప్యూటర్‌లోనో మునిగినప్పుడు అందులో సగానికో ఇంకా తక్కువకో పడిపోతుంది. అంతకంటే నష్టం చేసేది సగం రెప్ప. పై రెప్ప కిందికి పూర్తిగా దిగకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది, లెన్సు కింది భాగం గంటల తరబడి గాలికి ఆరుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఫోను చూస్తున్నప్పుడు వాళ్ళ కళ్ళను కాసేపు గమనించండి, ఈ సగం రెప్ప ఎంత మామూలో తెలుస్తుంది. పాఠం చెబుతున్నప్పుడైనా, లెడ్జరు చూస్తున్నప్పుడైనా, అప్పుడప్పుడు ఆగి కళ్ళు పూర్తిగా మూసి, రెండు క్షణాలు ఉంచి, మెల్లగా నొక్కి తెరవడం అలవాటు చేసుకుంటే లెన్సు పెట్టుకోగలిగే సమయం పెరుగుతుంది. బండి మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ అద్దం దించడం పోలీసుల కోసం కాదు, కంటి కోసం. పైరు కాలంలో సాయంత్రం దీపాలకు మూగే పురుగుల సంగతి ఈ రోడ్ల మీద తిరిగేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

చుక్కల మందుల దగ్గర నాకున్న ఫిర్యాదు మందుల షాపుల మీద. కన్ను ఎర్రబడిందంటే చాలు, చీటీ అడగకుండా సీసా చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్ కలిసినది ఉంటే రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మనిషి సంతోషిస్తాడు, అదే సీసా నెలల తరబడి వాడతాడు. నీటికాసులకూ శుక్లానికీ అది దారి వేస్తుంది, ఫంగస్ పుండు ఉన్న కంట్లో పడిందంటే నిప్పుకు గాలి తోడైనట్టే. ఎరుపును మాత్రం పోగొట్టే ఇంకో రకం చుక్కలు రక్తనాళాలను బిగబట్టి కాసేపు తెల్లగా చూపిస్తాయి, మందు దిగాక ఎరుపు రెట్టింపై తిరిగి వస్తుంది. లెన్సు మీద వేసుకోదగినవి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హయలురోనేట్ వంటి కృత్రిమ కన్నీళ్ళే. అవి కూడా నిలవ ఉంచే రసాయనం లేనివై ఉండాలి. బెంజాల్కోనియం క్లోరైడ్ అనే రసాయనాన్ని మెత్తటి లెన్సు పీల్చుకుని రోజంతా నల్లగుడ్డుకు కొంచెం కొంచెంగా వదులుతుంది. ఒక్కసారికి వాడి పారేసే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చేవి మేలు. సీసా మీద చిన్న అక్షరాలు చదవడం సైటున్న మనకు కష్టమే, చదవక తప్పదు.

నీళ్ళ గురించి మాట్లాడుకోవలసింది ఇంకొకటి మిగిలింది, అది వేరే రకం భయం. పంపు నీళ్ళలో, బోరు నీళ్ళలో, కాలువలో, గోదావరిలో అకాంథమీబా అనే ఏకకణ జీవి ఉండవచ్చు. లెన్సు కింద అది చేరితే వచ్చే పుండు ఎంత నొప్పిగా ఉంటుందో, మానడానికి ఎంత కాలం తీసుకుంటుందో చూసిన వైద్యులు లెన్సు వాడేవాళ్ళను నీటి చుక్క దరికి కూడా రానివ్వరు. పొడిబారి ఉపరితలం చెదిరిన కన్ను దానికి ఇంకా సులువుగా లోబడుతుంది. లెన్సును గాని, డబ్బాను గాని ప్యూరిఫైయర్ నీటితో కూడా కడగకూడదు. కార్తీకమాసంలో తెల్లవారుజామున రేవులో మునిగేవాళ్ళూ, అంతర్వేదిలో సముద్ర స్నానం చేసేవాళ్ళూ లెన్సు ఇంటి దగ్గరే వదిలి రావాలి. 2015 పుష్కరాల తరువాత మళ్ళీ 2027లో గోదావరి పుష్కరాలు. రేవు మెట్ల మీద జనం తోపులాటలో లెన్సు తీసి దాచుకునే వీలు ఎవరికీ దొరకదు, ముందు నుంచే కళ్ళజోడుతో వెళ్ళడం నయం. కళ్ళు మూసుకుని మునుగుతాం కదా అనేవాళ్ళకు ఒక మాట: మంచినీరు తగిలిన మెత్తటి లెన్సు ఉబ్బి గుడ్డుకు బిగిసిపోతుంది, అప్పుడు గోటితో లాగి తీయబోతే నల్లగుడ్డు గీసుకుంటుంది.

పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి లెన్సు ఒక ప్రత్యేకమైన వ్యవహారం. కళ్ళజోడుతో ఫోటోలు బాగుండవని, ఎన్నడూ లెన్సు పెట్టుకోని పిల్లకు ఆ రోజు సాయంత్రమే పెట్టిస్తారు. మలికిపురం దగ్గర మా బంధువుల పెళ్ళిలో ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అలంకారం చేయడానికి వచ్చినావిడ తనతో తెచ్చిన బూడిదరంగు లెన్సులు నాలుగింటికే పిల్ల కళ్ళలో పెట్టింది. కల్యాణమండపంలో ఏసీ, ఎదురుగా వీడియో దీపాలు, లాజహోమానికి వచ్చేసరికి నెయ్యి పొగ. పిల్ల కళ్ళ నుంచి కాటుక కలిసిన నీళ్ళు నల్లటి చారలుగా కారుతుంటే, అప్పగింతలకు ముందే ఏడుస్తోంది పాపమని ముత్తైదువులు కూడా కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఎవరో కొబ్బరినీళ్ళతో కళ్ళు కడగమన్నారు. కోనసీమలో ఏ బాధకైనా మొదటి మందు అదే. పిల్ల చేతికి పసుపు, పారాణి, గాజులు. ఆ వేళ్ళతో లెన్సు ముట్టుకుంటే ఇంకా ప్రమాదం. సబ్బుతో చేతులు కడిగించి, నా సంచిలో ఉన్న కృత్రిమ కన్నీటి గొట్టం రెండు కళ్ళలో పిండి, లెన్సు కదిలాక తీయించాం. మిగిలిన తంతు అంతా పిల్ల తన కళ్ళజోడుతోనే నడిపించింది, ఆ ఫోటోలకు వచ్చిన లోటేమీ లేదు.

ముచ్చట పడి పెట్టుకుంటామంటే కాదనడానికి నేనెవరిని? డాక్టరు కొలిచి ఇచ్చిన, ఒక్కరోజు వాడే లెన్సులు తీసుకోవాలి; రంగు కోసం పెట్టుకునే సైటు లేని లెన్సుకైనా కొలత కావలసిందే. పెళ్ళికి నెల ముందు నుంచి రోజూ కొన్ని గంటలు పెట్టుకుని అలవాటు పడాలి. అలంకారానికి ముందు పెట్టుకోవాలి, అలంకారం తుడవక ముందే తీయాలి. ముహూర్తం వేళకు కొత్త జత మార్చుకోవాలి, కళ్ళజోడు తల్లి చేతిసంచిలో ఉండాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు రెప్పలను చూడమని నోరు తెరిచి అడగండి. లెన్సు కొంటే పరీక్ష ఉచితమనే చోట చూసేది పవరు, గుడ్డు వంపు మాత్రమే. నారింజరంగు ఫ్లోరెసీన్ చుక్క వేసి, నీలి దీపం కింద కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిరుగుతుందో చూడవచ్చు. పది సెకన్లలోపే చిరిగితే పొర నిలకడ తక్కువని అర్థం. రెప్పను నొక్కి బయటికి వచ్చే నూనె తేటగా ఉందో, వెన్నలా చిక్కబడిందో చూడవచ్చు. మీరు వాడే మందులన్నీ చెప్పాలి: జలుబుకూ దద్దుర్లకూ వేసుకునే సిట్రిజిన్ కన్నీటిని తగ్గించగలదు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ ఈ గ్రంథులనే దెబ్బతీయగలదు. నెలసరి ఆగిపోయే వయసులో ఉన్న ఆడవాళ్ళకు అప్పటిదాకా సరిపడిన లెన్సు హఠాత్తుగా సరిపడకపోవడంలోనూ ఆశ్చర్యం లేదు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, తగ్గని ఎరుపు కనబడితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, లెన్సు తీసి, దాన్ని డబ్బాతో సహా పట్టుకుని అదే రోజు వెళ్ళాలి. పుండు ఉంటే దేని వల్ల వచ్చిందో కనిపెట్టడానికి ఆ డబ్బా ఉపయోగపడుతుంది.

ఇంత యాతన ఎందుకు, కళ్ళజోడు లేదా అని అడగవచ్చు. ఏసీ గదిలోంచి బయటికి అడుగుపెట్టగానే అద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడని ఊరు మాది. మే నెలలో చెమటకు జోడు ముక్కు మీద నిలవదు. నాలాగా పవరెక్కువైన వాళ్ళకు అద్దం అంచుల్లో లోకం వంగి కనబడుతుంది. లెన్సు అందం కోసమే అనుకోవడం తేలిక చూపు. లేజరు చేయించుకుంటే పోలేదా అనేవాళ్ళకు నా జవాబు ఇంకా గట్టిది. లాసిక్‌లో నల్లగుడ్డు పై పొరను కోసినప్పుడు, కన్నీరు ఊరమని కబురు పంపే నరాలు కూడా తెగుతాయి. ఆపరేషను తరువాత కొన్ని నెలల పాటు కళ్ళు పొడిబారడం చాలామందికి అనుభవమే. కళ్ళు పొడిబారి లెన్సు పెట్టుకోలేకపోతున్నామని లేజరుకు పరుగెత్తేవాళ్ళు ముందు ఆ పొడిని నయం చేయించుకోవాలి. మంచి సర్జన్లు అలా చేయించుకోకుండా బల్ల ఎక్కించరు.

నీరు నిజంగానే ఊరని కళ్ళు కూడా ఉన్నాయి. షిర్మర్ పరీక్షలో కింది రెప్పకు తగిలించిన కాగితపు పట్టీ అయిదు నిమిషాల్లో అయిదు మిల్లీమీటర్లు కూడా తడవకపోతే, దాంతోపాటు నోరు కూడా ఎండుతుంటే, కీళ్ళ నొప్పులుంటే, అది కంటి డాక్టరుతో ఆగే సంగతి కాదు, ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ జబ్బు ఉందేమో చూడాలి. మందు వికటించి, చర్మమూ కంటి, నోటి లోపలి పొరలూ ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చి బతికి బయటపడినవాళ్ళ కళ్ళ పరిస్థితి ఇంకా కఠినం. ఈ కళ్ళకు మామూలు లెన్సు పనికిరాదు గాని స్క్లెరల్ లెన్సు అనే పెద్ద, గట్టి లెన్సు ఉంది. అది నల్లగుడ్డును తాకకుండా తెల్లగుడ్డు మీద ఆని నిలబడుతుంది. పెట్టుకునే ముందు అందులో నిలవ రసాయనం లేని సెలైన్ నింపుతారు, ఆ ద్రవం రోజంతా నల్లగుడ్డును తడిపి ఉంచుతుంది. దీన్ని కొలిచి బిగించడం మన పట్టణాల్లోని కళ్ళజోళ్ళ కొట్ల వల్ల అయ్యే పని కాదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్ పేరు మీద హైదరాబాదులో ఉన్న కంటి ఆసుపత్రి లాంటి పెద్ద చోటికి వెళ్ళాలి, కొలతలకు ఒకటి రెండు సార్లు తిరగాలి, ఖర్చు పెట్టుకోవాలి. పట్టీ తడవని కళ్ళవాళ్ళు దుకాణంలో లెన్సు పెట్టెలు మార్చి మార్చి చూడడం మాని, ఆ లెన్సు పేరు చెప్పి అడగాలి.